నాయన వేసిన కంప... ఉడకని కందిబ్యాళ్లు

నా చిన్నప్పుడు మా నాయన తెల్లారి లేస్తానే దేవునికి దండం పెట్టేటోడు కాదు... చేన్లోకి పోయి అడుగులు చూసేటోడు.

తెల్లోళ్లు ఇంకా దేశం విడిచి పోని కాలం. నాకప్పుడు తొమ్మిదేండ్లేమో. మా ఇల్లు ఊరి కొసన, ఇంటెనకే చేను. చేనుకు అడ్డంగా ఒక కాలిబాట, దానికి అవతల కిరస్తానోళ్ల పాలెం. ఆదివారం ప్రార్థనకు, మిగతా దినాలు కూలికి వాళ్లు ఆ బాటనే వచ్చేటోళ్లు. ఎప్పటినుంచో అట్లనే ఉండె.

నాయనకు ఆ బాటంటే కడుపుమంట. మనిషి మంచోడే... కానీ అనుమానం పుట్టినాకే ఆయన పుట్టినాడేమో! (నేను చెప్తాంటే మనవరాలు ఫోన్లో కొడతాంది. చెప్పిందే రాస్తాందో లేదో... మా వంశంలోనే ఉండాది ఈ గుణం.)

అమ్మ చెప్పేది కూడా అబద్ధం కాదు. నీళ్లు పోసుకునే తడిక ఆ బాట పక్కనే ఉండె. "వచ్చేపోయేటోళ్లు తగ్గేదాకా లోపల నిలబడుకోని వణకాల్నా?" అని గొణిగేది. పాపం, ఆ మాటా నిజమే.

ఆ ఏడు బుడ్డలు ఏసినాము... మా పక్క వేరుశెనగను బుడ్డలంటాము. బాట పక్కన అక్కడక్కడ చెట్లు పీకేసి కనపడె. ఇంగ చూడాల మా నాయన అవతారం! పొద్దు మునిగేసరికి వేపమండ తీసుకోని బాట మీద దుమ్మంతా సాపు చేసేటోడు. తెల్లారి ఆ దుమ్ములో పడిన అడుగుల మీదికి వంగేటోడు. నన్ను పక్కన నిలబెట్టుకోని పాఠం చెప్పేటోడు.

"చూడు పాపా, ఆడమనిషి కాలు. మన ఇంటి పక్కకు వచ్చేటప్పుడు మడిమ లోతుగా దిగిండాది. పోయేటప్పుడు తేలిగ్గా ఉండాది. అంటే ఏమి? ఆకలితో కాళ్లీడ్చుకుంటా వచ్చింది, మన బుడ్డలు మెక్కి ఉషారుగా పోయింది!"

నేను నోరు తెరుచుకోని విన్యా. మా నాయనంత తెలివైనోడు జిల్లాలోనే లేడనుకున్యా.

ఒకదినం బండెడు రేగుకంప తెచ్చి బాటకు రెండు కొసలా అడ్డం ఏసినాడు. పాలెం పెద్దమనిషి దావీదు వచ్చి చేతులు కట్టుకోని నిలబడె. "వంక చుట్టు తిరిగి పోవాలంటే ముసలోళ్లకు శానా కష్టం సామీ. చెట్టు తొక్కకుండా పోతాము, దోవ ఇడువు" అన్యాడు.

"తొక్కేది సరే... పీకేదెవరు?" అన్యాడు నాయన.

దావీదు మొగం చిన్నబోయింది. ఎనక్కి తిరిగి పోయినాడు.

ఆ మరుసటి దినం నుంచి మా ఇంట్లో పప్పు ఉడకడం మానేసె!

నమ్మండి... పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిబ్యాళ్లు పొద్దు నడినెత్తికొచ్చినా రాళ్ల మాదిరే ఉండె. అమ్మ చేతులు నొప్పి పుట్టేదాకా పప్పుగుత్తితో ఎనిపినా మెదగల్యా. నాయన ముందు అమ్మను అనుమానించె, కట్టెలు మిగుల్చుకుంటాండాదని. తర్వాత అంగడి శెట్టిని అనుమానించె, పాత బ్యాళ్లు అంటగట్టినాడని. శెట్టితో కొట్లాటకు కండువా ఏసుకోని బయల్దేరినాడు కూడా.

అప్పుడు నోరిప్పె మా జేజి... నాయనను కన్నతల్లి.

"శెట్టిని ఏమీ అనాకురా. మన బాయి ఉప్పునీళ్లకు యాడన్నా బ్యాళ్లు ఉడుకుతాయా? ఇన్నాళ్లూ నువ్వు లొట్టలేసుకోని తినిన పప్పు పాలెం బాయి నీళ్లతో ఉడికింది. పాలెం మార్తమ్మ తెల్లారకముందే కడవ తెచ్చి పెరట్లో నా బానలో పోసిపోయేది. ఇప్పుడు నువ్వు కంప ఏసి కూచున్యావు. ఆ బుడ్డచెట్లు పీకి ఆమె ఒళ్లో ఏసింది నేనే."

నాయన భుజం మీది కండువా తీసి కింద పెట్టె.

ఆ కాలంలో పాలెం బాయి నీళ్లు మేము ముట్టరాదు. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గయితాది, కానీ అట్లనే ఉండె. ఆ కడవ ఊరి వీధిలో మా ఇంటికి వచ్చిందంటే మమ్మల్ని వెలేసేటోళ్లు. అందుకే మార్తమ్మ చేనుబాటన వచ్చేది. లోతుగా దిగిన ఆ మడిమ ఆకలిది కాదు... నెత్తిన మా నీళ్ల కడవ బరువు అది.

"ఎవరికన్నా తెలిస్తే?" అన్యాడు నాయన, చుట్టూ చూసుకుంటా.

"దినామూ అడుగులు చూసే నువ్వే కనుక్కోలేకపోతివి... ఇంకెవరు కనుక్కుంటార్లే" అనింది జేజి.

తెల్లారేసరికి కంప లేదు. ఎవరు తీసినారో ఇంట్లో ఎవరూ అడగల్యా. తడికకు దూరంగా, గట్టెంబడి ఉండే బుడ్డచెట్లు నాయన తన చేత్తోనే పీకి, ఒక మనిషి నడిచేంత దోవ ఇడిచినాడు. మళ్లా ఎప్పుడూ ఆ పట్టీలో విత్తల్యా. అమ్మ నిమ్మళంగా నీళ్లు పోసుకునె. దావీదుకు మాత్రం ఆయన ఒక్క మంచిమాట చెప్పల్యా... అది నాకు ఇప్పటికీ బాధే. పప్పు బాగుండాదని కూడా మళ్లా అనల్యా. గమ్మున తిని లేసేటోడు.

ఇప్పుడు ఆ చేను మా తమ్ముని మనవనిది. చుట్టూ ఇనుప కంచె, గేటుకు బీగం, కెమెరా. నాయనన్నా వంగి చూసేటోడు... వీడు కర్నూల్లో కూచోని ఫోన్లో చూస్తాండాడు. తప్పనలేను, పంట పోతే ఏడ్చేది వాడే కదా. కుళాయి వచ్చె, కుక్కరొచ్చె... ఒకరి దోవతో ఒకరికి పని లేకపాయ.

పోయిన నెల ఊరికి పోతే మార్తమ్మ మనవరాలు కంచె అవతల నిలబడి "బాగుండావా అవ్వా" అని పలకరించె. కంచె సందులోంచి చేతులు పట్టుకోని శానాసేపు మాట్లాడుకుంటిమి. నేను ఇల్లు చేరకముందే తమ్ముని మనవడు ఫోను చేసె.

"అవ్వా, కంచె కాడ ఎవరామె? ఏం కావాలంట?"

"ఏమీ వద్దంటరా... మన ఇంట్లో పప్పు ఉడికించినోళ్లు" అంటి.

వానికి అర్థం కాల్యా. మీ చేన్లో కూడా మూసేసిన బాట ఒకటి ఉంటే చెప్పండప్పా... దాని మీద ఎవరు, మీ ఇంటికి ఏమి మోసుకొచ్చేటోళ్లో.