ముందు సీటు కింద వాన నీళ్లు

నా చిన్నప్పుడు మా మామయ్య కారులో ముందు సీటు నాదేనని నాకు గట్టి నమ్మకం. మామయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. మైపాడు నుంచి నెల్లూరికి బాడుగకు తిప్పే పాత తెల్ల కారు ఒకటి ఉండేది ఆయనకు. బాడుగ లేని సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తీసుకెళ్లేవాడు. ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్లందరికీ కనబడాలని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కూర్చునేదాన్ని.

ఆయనకు చిట్టమూరు అమ్మాయితో పెళ్లయింది. ఇక ముందు సీటు అత్తయ్యది, వెనక సీటు నాది. నన్ను ఎవరూ వెనక్కు పొమ్మనలేదు. ఆమె వచ్చి కూర్చునేది, అంతే. ఆమె జడలోని కనకాంబరాలు చూస్తూ వెనక కూర్చోవడం నాకు ఎంత మంటగా ఉండేదో చెప్పలేను. మామయ్య ఏదో అనేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. గాలి హోరులో ఆ మాట నా దాకా వచ్చేది కాదు. జడ వేస్తాను రమ్మని ఆమె పిలిచినా పోయేదాన్ని కాదు.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు అత్తయ్య కాళ్ల దగ్గర నీళ్లు నిలిచి, కొత్త చీర అంచు తడిసిపోయింది. నాకు లోపల పండగే. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పాడైందనుకుని మామయ్య బంక పూశాడు. మళ్లీ వాన, మళ్లీ నీళ్లు. కారంతా ముక్కవాసన.

వాన తెరిపిచ్చిన రోజు అత్తయ్య చెంబుతో నీళ్లు తెచ్చి నన్ను కేకేసింది.

"పాపా, నేను అద్దం కింద నీళ్లు పోస్తా. నువ్వు వొంగి చూసి, యాడ పడతాయో చెప్పు."

కుడివైపు పోస్తే నీళ్లు చక్రం వెనక నేలమీద పడ్డాయి. ఎడమవైపు పోస్తే కింద చుక్క రాలలేదు.

"మా మిద్దె మింద నీళ్లు నిలిస్తే మా నాయన ముందు తూము చూస్తాడు. ఇదీ అంతే, యాడో పూడింది," అంది.

బానెట్ ఎత్తాం. అద్దం కింద మూలలో, వాన నీళ్లు కిందికి పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంది. తన గాజులు అడ్డమని, నా చెయ్యి సన్నమని నన్నే పెట్టమంది. గాజులు పైకి నెట్టుకుంటే ఆమె చెయ్యీ దూరేదేనని చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు.

మామయ్య కారు నిలిపేది సరుగుడు చెట్ల కింద. సూదుల్లాంటి ఆ ఆకులు ఇసుకతో కలిసి ముద్దకట్టి ఉన్నాయి. వేళ్లకు అందినంత లాగేశాను. లోపలిది రాలేదు. ఇనుప తీగ తెస్తానంటే, గొట్టం చిరుగుతుందని వద్దంది. చీపురులోంచి కొబ్బరి ఈనె తీసిచ్చింది. నేను దాన్ని మెల్లగా కదుపుతుంటే, పక్కన వంగి, ఇంట్లో ఉన్న మామయ్యకు వినబడకుండా అంది:

"నీకు నేనంటే గిట్టదని తెలుసులే. నాకూ నువ్వంటే కుళ్లుగానే ఉండాది. పొద్దస్తమానం మీ మామ నోట నీ మాటే. మా పాప ఇట్టా అనింది, అట్టా చేసింది అని. అసలు నేను ఈయన కంటికి ఆనతానా అనిపిస్తాది."

పెద్దవాళ్లకు కుళ్లు పుడుతుందని, అదీ నా మీద పుడుతుందని ఎన్నడూ తోచలేదు. "నాకు నీకన్నా ఎక్కువ ఉండాది," అన్నాను. ఆమె పగలబడి నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆ కుదుపుకు గొట్టంలోని ముద్ద జారి, నల్లటి నీళ్లు బుడబుడమని కిందికి పోయాయి.

"ఏంది మీ ఇద్దరి గోల?" అంటూ వచ్చాడు మామయ్య. గొట్టం బాగైందని మాత్రం చెప్పాం.

ఆ సాయంత్రం చినుకుల్లోనే బయలుదేరాం. ఆ కాలపు కార్లలో ముందు కూడా బల్లలాంటి పొడుగాటి సీటే. అత్తయ్య నన్ను మధ్యలోకి జరిపి తాను కిటికీ వైపు కూర్చుంది. ఇరుకైంది కానీ, ముగ్గురం పట్టాం. కాళ్ల కింద తడి లేదు.

కుళ్లు ఆనాటితో పోయిందని చెప్పను. ఈ వయసులోనూ పుడుతుంది. కాకపోతే అది పుట్టినప్పుడు దాచుకోవడం మానేశాను. మొన్న సంగంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. దాని మనవరాలు దాని ఒళ్లోంచి దిగదు, నేను పిలిస్తే రాదు.

"నిన్ను చూస్తే నాకు కుళ్లుగా ఉందే," అన్నాను చెల్లెలితో.

అది ఫక్కున నవ్వి, పిల్లను ఎత్తి నా ఒళ్లో కూర్చోబెట్టింది.