ఉత్తరం పక్క మెట్టు

మా నాన్నకి డబ్బు దాచడం చేతకాదు. పొద్దున్న చేతికొచ్చింది సాయంత్రానికి ఎవరికో ఒకరికి ఇచ్చేసి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చి, "ఏటి వండేవు?" అని దర్జాగా అడిగే మనిషి. అలాంటివాడు కొత్త పడవ కొనే వేళకి ఉన్నట్టుండి పిసినారి అయిపోయాడు. అది చూసి మా అమ్మ మొదట సంతోషపడింది. తర్వాత అనుమానపడింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. మాది రాంబిల్లి దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. నేను ఇంటర్‌లో చేరాక నా చదువు వంకతో అమ్మ అనకాపల్లిలో, బెల్లం మార్కెట్ వెనక వీధిలో రెండు గదులు అద్దెకి తీసుకుంది. తెల్లారి బస్సు మీద ఊరి నుంచి చేపల గంప వచ్చేది. అమ్మ దాన్ని స్టాండులో దించుకుని మార్కెట్‌కి తీసుకెళ్లి అమ్మేది. వీధిలో బెల్లం వాసన, మా ఇంట్లో చేపల వాసన. ఎటు వాలాలో తెలియక ఈగలు గుమ్మం దగ్గరే తిరుగుతుండేవి.

నాన్న, మామయ్య ఊళ్లోనే ఉండి వేటకి వెళ్లేవారు. మామయ్య అంటే అమ్మకి సొంత అన్న. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనుకుంటూ, ఒకే తెప్ప మీద నేను పుట్టక ముందు నుంచీ వెళ్తున్నారు. ఆదివారం వేట మానేసి మా దగ్గరికి వచ్చేవారు. మేం ముగ్గురం చర్చికి వెళ్తే మామయ్య మాత్రం వచ్చేవాడు కాదు. ఆయన గంగమ్మ మనిషి. ఇంట్లోనే కూర్చుని చేపలు తోమి, చింతపండు పిసికి పులుసు తీసి ఉంచేవాడు. "మీ పాస్టరు గారి పెసంగం అయ్యీసరికి సేపలు మళ్లీ ఈదుకుంటా ఎల్లిపోతాయి" అని మేం గుమ్మంలో అడుగు పెట్టగానే దెప్పేవాడు.

మామయ్యకి ఎడమ మోకాలు వంగదు. ఒకసారి ఒడ్డుకి వస్తుంటే కెరటం తెప్పని తిరగేసింది. నీళ్లలో పడ్డ నాన్నని లాగబోయినప్పుడు ఆయన కాలు తెప్ప దుంగల మధ్య నలిగింది. ఆ మాట వాళ్లిద్దరూ ఎత్తేవారు కాదు. ఎవరైనా ఎత్తితే నాన్న లేచి బయటికి వెళ్లి బీడీ ముట్టించుకునేవాడు. కాలు అలా అయినా తెప్ప మీదికి వెళ్లడానికి మామయ్యకి ఇబ్బంది లేదు. తెప్పకి చుట్టూ గోడలా లేచే అంచు ఉండదు. నీళ్లలో నిలబడి దాని మీద కూలబడి, కాలు తిప్పుకుంటే చాలు. కెరటం ఇటు ఎక్కి అటు దిగిపోతుంది, మనిషి తడుస్తాడు, అంతే.

ఆ తెప్ప దుంగలు పుచ్చిపోయాయి. అప్పటికే మా ఒడ్డున చాలామంది ఫైబర్ పడవలకి మారిపోయారు. మేమూ మారదామనుకున్నాం. ఇంక ప్రతి ఆదివారం, అన్నాలయ్యాక, మా ముందుగదిలో పడవ పంచాయితీ.

చెక్కదా, ఫైబరుదా అన్నది ఒక్క పూటలో తేలిపోయింది. చెక్కపడవకి ఏటేటా తారు పూయాలి, పురుగు పట్టకుండా చూసుకోవాలి. ఫైబరుదైతే చిరుగుకి మాసిక వేసినట్టు వేసుకోవచ్చు. ఇంజిన్ గురించి కూడా తగువు రాలేదు. తగువంతా అంచు దగ్గరే వచ్చింది. సబ్బవరం దారిలో ఫైబరు పడవలు అచ్చులో పోసే షెడ్డు ఒకటి ఉండేది. అక్కడ మా తాహతుకి సరిపడేవి రెండు రకాలున్నాయి. ఒకటి పొడుగ్గా, తేలిగ్గా, అంచు తక్కువగా ఉంటుంది. రెండోది అంచు ఎత్తుగా, ఐసు పెట్టె కూడా కలిపి పోసి, కాస్త బరువుగా ఉంటుంది. ఖరీదులో తేడా అమ్మ చేతి గాజులంత.

"అంచెత్తుగా ఉంటే కెరటం లోపలికి రాదు బావా," అనేవాడు మామయ్య. "తక్కువది కొన్నావంటే బాల్చీ అట్టుకుని తోడుకోడమే మన బతుకు."

"ఎత్తుది బరువు. దాన్ని తొయ్యాలంటే ఊరంతా రావాల," అనేవాడు నాన్న. "పైగా ఖరీదు సూసేవా?"

"ఖరీదు సూసే మనిషివి నువ్వెప్పుడయ్యేవు? ఆ ఎక్కువైంది నా వాటాలోంచి తీసుకో."

"నీ వాటా నువ్వు తిను."

ఒక ఆదివారం విసుగెత్తి, "గుంట సదువుకుంటన్నాది, దాన్నడుగుదాం" అన్నారు. నేను చాలా ఆలోచించినట్టు ముఖం పెట్టి, నీలం రంగుది కొనమన్నాను. ఇద్దరూ మొదటిసారి ఏకమై నన్ను వంటింట్లోకి పొమ్మన్నారు.

అమ్మ మాత్రం గిన్నెలు కడుగుతూనే వింటుండేది. "మీ నాన్న ఖరీదు గురించి మాటాడుతన్నాడంటే అది ఖరీదు గొడవ కాదే," అంది నాతో మెల్లగా. "ఇంకేదో ఉన్నాది."

ఆ ఇంకేదో షెడ్డులో బయటపడింది. ఒక శనివారం నలుగురం బస్సెక్కి వెళ్లాం. లోపల అడుగు పెట్టగానే ఫైబరు మందు ఘాటుకి కళ్లు మండాయి. మామయ్య నేరుగా ఎత్తు పడవ దగ్గరికి వెళ్లి, కుండ కొనేవాడిలా వేళ్లతో కొట్టి చప్పుడు విన్నాడు. నాన్న తక్కువ అంచు పడవ దగ్గర నిలబడ్డాడు. అరచెయ్యి అంచు మీద పెట్టాడు. ఆ చేతిని అలాగే ఎత్తు మారకుండా తన తొడ దగ్గరికి తెచ్చి చూసుకున్నాడు. తర్వాత మామయ్య అటు తిరిగి ఉన్నప్పుడు, మామయ్య కాలు వైపు చూశాడు. అది నేనూ చూశాను, అమ్మా చూసింది.

అమ్మ కొంగు నడుముకి దోపింది. మార్కెట్లో బేరం తెగనప్పుడు చేసే పని అది.

"అన్నియ్యా, ఆ ఎత్తుదాన్లోకి ఓపాలి ఎక్కి సూపించు."

"పొడి నేల మీద ఎక్కడమేటే, పిచ్చిదాన!"

"ఎక్కు మరి."

మామయ్య ఎక్కలేదు. అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాన్న షెడ్డు కప్పు వైపు చూస్తున్నాడు. అప్పుడు అమ్మ ఇద్దరినీ కలిపి దులిపేసింది.

"నీకు కాలెత్తడం అవదని ఈయన అంచు తక్కువది కావాలంటన్నాడు. ఈయన మళ్లీ నీళ్లల్లో పడిపోతాడని నువ్వు ఎత్తుది కావాలంటన్నావు. మజ్జిలో ఖరీదు, బరువు, బాల్చీ అని నా బుర్ర తినేత్తన్నారు! నోరు తెరిసి సెప్పుకోలేరేటి?"

షెడ్డాయన చేతిలో ఉన్న బ్రష్షు పక్కన పెట్టేశాడు. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేనెక్కక్కర్లేదే. నేను ఒడ్డున కూకుని వలలు బాగు సేత్తాను. ఇంకో మనిషిని ఎట్టుకుంటారు. పడవెల్లీది బావ కదా, బావకి బాగుండాల."

"నువ్వు రాపోతే నాకు పడవే వద్దు," అన్నాడు నాన్న. ఎంత గట్టిగా అన్నాడంటే తనకే సిగ్గేసి, గొంతు తగ్గించాడు. "ఎత్తుదే కొందాం. నేను ముందెక్కి నీకు సెయ్యిత్తాను."

"సెయ్యిచ్చి ఎక్కించుకోడానికి నేనేటి పెళ్లికూతుర్నా?"

మా ఒడ్డున అది చిన్న మాట కాదు. సొంతంగా పడవెక్కలేని మనిషి వేటకి వెళ్లడు. ఎవరూ వద్దని అనరు, అతనే మానుకుంటాడు. చెయ్యి పట్టుకుని ఎక్కితే ఆ రోజుతో తన పని అయిపోయిందని మామయ్య లెక్క. నాకు ఆ రోజే అర్థమైంది, వారం వారం మా ముందుగదిలో తూచింది పడవని కాదని. మామయ్య ఇంక సముద్రం మీదికి వెళ్తాడా లేదా అన్నది ఆ అంచు మీదే ఉంది. నాకు నీలం రంగు మీద మోజు పోయింది.

దారి చూపించింది షెడ్డాయన. "ఎత్తుదే తీసుకోండి. అంచుకి బయట కింద ఒక మెట్టు పోసి ఇస్తాను. ఏ పక్క, ఎంత ఎత్తులో కావాలో ఫోను చేసి చెప్పండి" అన్నాడు. అమ్మ, మగవాళ్ల వైపు చూడకుండానే, సరే అనేసింది. గాజులు కూడా ఆమే తీసింది.

మెట్టు ఎంత ఎత్తులో ఉండాలో తిరుగు బస్సులో కొట్టుకుంటూ తేల్చారు. ఏ పక్కన అన్నదానికి తగువే లేదు. తెప్ప మీద మామయ్యది ఎప్పుడూ ఉత్తరం పక్క, నాన్నది దక్షిణం పక్క. మా ఒడ్డున కుడి, ఎడమ అనే మాటలు పడవకి వాడరు. పడవ ముక్కు ఎప్పుడూ తూర్పుకి, సముద్రం వైపే ఉంటుంది కాబట్టి ఉత్తరం, దక్షిణం అంటే చాలు, చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. ఆదివారం అనకాపల్లి ఎస్టీడీ బూతులోంచి నాన్న ఫోను చేసి, పక్కన జనం అందరికీ వినపడేలా, "మెట్టు ఉత్తరం పక్కన ఎయ్యి బాబూ, ఉత్తరం! మర్సిపోకు!" అని అరిచాడు.

పడవ లారీ మీద మా ఊరొచ్చిన రోజు నేను కాలేజీ ఎగ్గొట్టాను. లారీతో షెడ్డాయన కూడా వచ్చాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆయన ఆమెన్ అనీ అనకముందే మామయ్య గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాడు. అందరూ కలిసి పడవ ముక్కు సముద్రానికి తిప్పి నీళ్లలోకి దించారు. మామయ్య కొత్త తువ్వాలు తలకి చుట్టుకుని ఉత్తరం పక్కకి వెళ్లాడు.

అక్కడ మెట్టు లేదు. చేత్తో నీళ్ల కింద కూడా తడిమాడు, లేదు.

మెట్టు దక్షిణం పక్కన ఉంది.

నాన్న షెడ్డాయన మీదికి వెళ్లాడు. ఆయన బిత్తరపోయాడు. "మీరు ఉత్తరం అన్నారు, ఉత్తరానికే వేశానండీ. మా షెడ్డులో ఉత్తరం అదే కదా!" అన్నాడు. షెడ్డులో పడవ ముక్కు పడమరకి, రోడ్డు వైపు ఉంది. ఇక్కడ తూర్పుకి తిప్పేసరికి అక్కడి ఉత్తరం దక్షిణమైపోయింది. నాన్నకి తెలిసిన లోకంలో పడవ ముక్కు పడమరకి ఉండడం అనేది లేదు. ఆ మాట ఎలా తిప్పి చెప్పాలో తెలియక ఆయన, ఎలా అర్థం చేసుకోవాలో తెలియక ఈయన, నీళ్లలో నిలబడిపోయారు.

అమ్మకి నవ్వు ఆగలేదు. "మీ ఉత్తరం తప్పు ఎడ్రసుకి ఎల్లిపోనాది! స్టాంపు అంటించేవా మరి?" అంది. ఒడ్డున ఉన్నవాళ్లందరూ ఘొల్లుమన్నారు. పాస్టరు గారు కూడా బైబిలు అడ్డం పెట్టుకున్నారు. మామయ్య ఒక్కడే నవ్వలేదు. తువ్వాలు విప్పి భుజాన వేసుకుని ఒడ్డుకి తిరిగాడు.

"వచ్చే వారం షెడ్డుకి తెండి, ఆ పక్క ఇంకోటి వేస్తాను, డబ్బులొద్దు," అంటున్నాడు షెడ్డాయన.

నాన్న ఆ మాట విన్నాడో లేదో. పడవ వెనకనుంచి చుట్టూ నడిచి, మామయ్య నిలబడాల్సిన ఉత్తరం పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

"బావా, నువ్వు అటెల్లు."

"అది నీ సోటు."

"ఇన్నేళ్లూ ఉన్నాను. సాలు."

"ఇంజినూ అటే ఉన్నాది కదా బావా," అన్నాడు మామయ్య నెమ్మదిగా.

అవును, ఇంజిన్ పిడి దక్షిణం పక్క కూర్చున్నవాడి చేతికి అందుతుంది. పడవ ఎటు వెళ్లాలో చెప్పేది ఆ చెయ్యే. తెప్ప మీద చుక్కాని తెడ్డు ఎప్పుడూ నాన్నదే. ఒక్క రోజు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

"ఉంటే ఉన్నాది. కాలు సాపుకుని ఇంజిన్ అట్టుకుని కూకో. వల లాగడం నేను సూసుకుంటాను."

మామయ్య దక్షిణం పక్కకి వెళ్లాడు. కుడికాలు మెట్టు మీద పెట్టి, వంగని కాలిని వెనకనుంచి లాక్కుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాడు. నాన్న మెట్టు లేని పక్కనుంచి ఛాతీ దాకా తడుస్తూ, పొట్ట మీద పాక్కుంటూ ఎక్కాడు. మా నాన్న మీద నాకు అంత ప్రేమ అంతకు ముందు కలగలేదు. అరిచి చెప్పాలనిపించింది కానీ, కెరటాల హోరు.

రెండో మెట్టు వేయించలేదు. దక్షిణాన ఉన్నా ఊరంతా దాన్ని "ఉత్తరం మెట్టు" అనే పిలిచేవారు. పిల్లలు కూడా అలాగే నేర్చుకున్నారు. మామయ్య అలా ఇంజిన్ పట్టుకుని చాలా ఏళ్లు తిరిగాడు. "మీ నాన్నకి దిక్కులు తెలవవు, అందుకే నాకిచ్చేడు" అని నాతో గొప్పలు పోయేవాడు. ఒకప్పటి తన పక్కనే మెట్టు ఉన్నా నాన్న అటునుంచి ఒక్కసారి కూడా ఎక్కలేదు. "అది బావది" అనేవాడు.

నా ఉద్యోగం మొదలైన ఏడాది మామయ్య రెండో మోకాలు కూడా మొండికేసింది. ఒకనాడు ఆయనే, ఇంక రానని చెప్పాడు. ఆ పొద్దున్న నేను ఊళ్లోనే ఉన్నాను. నాన్న ఒక్కడే వేటకి బయల్దేరి, ఎప్పటిలా ఉత్తరం పక్కకి వెళ్లి అంచు పట్టుకున్నాడు. ఆయనా పెద్దవాడైపోయాడు. ఒకసారి ఎగిరి జారిపోయాడు. రెండోసారీ జారిపోయాడు.

మామయ్య కర్ర ఇసకలో పారేసి, మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాడు. "ఇటు రా బావా" అన్నాడు.

"అది నీది."

"నాది కాబట్టే సెప్తన్నాను. ఇటు రా."

నాన్న చుట్టూ తిరిగి వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. మామయ్య చెయ్యి చాపాడు. జీవితంలో ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి, చెయ్యి ఇస్తున్నాడు. నాన్న పట్టుకున్నాడు.

"ఒరే, పెళ్లికూతురు ఎక్కేసింది, తొయ్యండ్రా!" అని మామయ్య కేకేశాడు.

అందరం నవ్వాం, నాన్న కూడా. నవ్వుతూనే ఇంజిన్ తాడు లాగాడు. పడవ కెరటం దాటుతుంటే మామయ్య పక్కన నిలబడి చూశాను. ఉత్తరం పక్కన ఎవరూ లేరు.