కాశీ పడవలో పైనుంచి పడ్డది

పెళ్లయిన మరుసటి ఏడాది మెదక్ నుంచి మా అత్తగారింటి వాళ్లమంతా కాశీ వెళ్లాం. పొద్దున్నే ఘాట్లన్నీ తిప్పి చూపించే రెండంతస్తుల పడవెక్కాం. మగవాళ్లు పైకి వెళ్లారు, ఆడవాళ్లం కింద కూర్చున్నాం.

ఒడ్డున పాత రాజుల కోటలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. నేను పడవ అంచున తలెత్తి, నోరు తెరుచుకుని చూస్తున్నాను. అంతలో పైనుంచి గోరువెచ్చగా, జిగటగా ఏదో నా చెంప మీదా పెదవుల మీదా పడింది. చేత్తో తుడిస్తే ఎర్రగా ఉంది. గుట్కా ఉమ్మి! నోట్లోకీ పోయింది. అక్కడే వాంతి చేసుకున్నాను.

"ఎవడ్రా పైనుంచి ఉమ్మింది?" అని అత్తమ్మ అరిచింది.

పైన కమ్మీల మీంచి ఒక తల వంగింది. మా ఆయన అన్న, మా బావగారు! ఇంట్లో ఆయన ఎదుట నేను గట్టిగా మాట్లాడను కూడా.

"నేను చూడలే. గింతదానికి లొల్లి ఎందుకు? గంగల్నే ఉన్నం గద, కడుక్కోమను" అని నవ్వారు.

ఆ నవ్వు ఉమ్మికన్నా రోతగా అనిపించింది. మెట్లెక్కి వెళ్లి, ఆయన భుజం మీది తెల్లటి కండువా లాగి మొహం, మెడ తుడుచుకున్నాను. మరకలతోనే చేతిలో పెట్టి, "మీదే బావా, మీరే పట్టుకోండ్రి" అన్నాను.

 కింది మెట్ల మీంచి చూస్తున్న అత్తమ్మ "మంచిగ చేసినవ్ బిడ్డా!" అంది.

ఇప్పటికీ అన్నం తినేటప్పుడు అది గుర్తొస్తే ముద్ద దిగదు. బావగారు గుట్కా మానలేదు. కానీ నేనుంటే, ఉమ్మడానికి లేచి వాకిలి దాటి వెళ్తారు.

- సువర్ణ, మెదక్