దొంగల బోర్డు మీద మా గేటత్త

మా గేటత్త పోయింది. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసి, "అమ్మ లేగట్లేదు బావా" అంది. "నిద్ర పట్టేసుంటాది, లేపు" అన్నాను. అవతలి నుంచి ఏడుపు వినిపించాక తెలిసింది, ఇక లేపేది లేదని.

మల్కాపురంలో మా సూపర్‌మార్కెట్ గేటు దగ్గర ఆమె కాపలా మనిషి. నేను లోపల అరల్లో సరుకు సర్దేవాణ్ణి. గుర్తింపు కార్డు మీద ఆమెకో పేరుండేది గానీ దాన్ని ఎవరూ వాడలేదు. మాకూ, కొనడానికి వచ్చేవాళ్లకూ ఆమె గేటత్తే.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు మెత్తగా రాయడం రాదు. పైగా ఆమె చితి ఆరిందో లేదో, మా షాపు గోడౌన్‌లోంచి ఒక పాత బోర్డు తీసి దుమ్ము దులిపారు. ఆమె బతికుండగా పంతం పట్టి దింపించిన బోర్డు అది. అందుకని కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్లు నన్ను మన్నించనక్కర్లేదు.

గేటుకి రాకముందు ఆమె నెత్తిన తట్ట పెట్టుకుని వీధులన్నీ తిరిగి చేపలమ్మింది. మోకాళ్లు మొరాయించాక, చీర మీద నీలం చొక్కా తొడుక్కుని స్టూలు మీద కూర్చుంది. వచ్చే కార్లకి లేచి నమస్కారం పెట్టాలని ఆ స్టూలు రోడ్డువైపు వేసి ఇచ్చారు. మొదటిరోజే దాన్ని లోపలివైపు తిప్పేసుకుంది. మేనేజరు ఇదేమిటని అడిగితే, "తట్ట ఎనకెట్టుకుని రోడ్డుకేసి సూత్తే సేపలుంతాయా బాబూ?" అంది.

ఎవరు లోపలికొచ్చినా ఆమె పలకరింపు దాటుకునే రావాలి. "ఏటమ్మా, ఈవేళ కూరేటి?" "ఏటి బావా, డూటీ దిగిపోయావా?" రిఫైనరీలో షిఫ్టు వదిలిన సాయంత్రాలు జనం ఒక్కసారిగా మీద పడితే, స్టూలు వదిలేసి కుంటుకుంటూ సబ్బుల వరసలోకీ, పౌడర్ల వరసలోకీ వచ్చేది. చేతుల వంక చూసేది కాదు. మొహంలోకి చూసి, "పిల్లడికి జొరం తగ్గిందా?" అని అడిగేది. జేబు దాకా వెళ్లిన చెయ్యి సిగ్గుపడి అర దగ్గరికి తిరిగి రావడం నేను కళ్లారా చూశాను.

"సూపు పడితే కాకి వాలదురా" అనేది. "దాన్ని కర్రెట్టి కొట్టక్కర్లేదు. నాను సూసానని దానికి తెలిస్తే సాలు."

ఇన్ని కెమెరాలున్నాయి కదత్తా అంటే మూతి తిప్పేది. "అది సూత్తాది. పలకరిస్తాదేటి?"

బిస్కెట్ల డబ్బాలు గోపురంలా పేర్చి నేను మురిసిపోతున్న రోజున కూడా వచ్చి నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "బాగుందిరా అల్లుడూ. కొబ్బరికాయ కొట్టీమంటావా? ఈ గోపురం ఎనకాల ఎవుడు ఏటి సేత్తన్నాడో దేవుడికే కనపడాల. దించు, నా బుజం కాడికి దించు." దించాను. సణుగుతూనే దించాను.

నా సంచిలో ఎప్పుడూ కరపత్రాలుండేవి. బడి నేర్పనివన్నీ వాటిలోనే నేర్చుకున్నానని నా నమ్మకం, ఇప్పటికీ. భోజనాల వేళ గేటు దగ్గర చేరి ఆమెకి చదివి వినిపించేవాణ్ణి. ఓసారి ఆవేశం పట్టలేక, "శ్రమ మనది, లాభం ఆళ్లది. ఎవడో సబ్బు పట్టుకుపోతే మనకేటత్తా? పోనీ!" అన్నాను.

ఆమె ముద్ద నమిలి మింగి, "అయ్యిందా ఉపన్యాసం?" అంది. "సబ్బు అట్టుకెల్లినోడు ఎల్లిపోతాడు. రేతిరి ఇప్పించీది ఎవుడి డబ్బారా? నీ టిపినీ డబ్బా. ఆ బిల్లింగు గుంటల సంచీలు. ఆల సబ్బు కాత్తేనే మన సంచీ నిలబడతాది. నీ కాయితాల్లో ఇది రాయలేదేటి?"

రాయలేదు. సరుకు తగ్గిందని తేలిన ప్రతిసారీ, ఇంటికి వెళ్లే ముందు మా సంచులన్నీ బల్ల మీద గుమ్మరించేవారు. బిల్లింగు అమ్మాయిలు అందరి ముందూ తలొంచుకుని, కింద పడ్డవి ఏరుకునేవారు. గేటత్త వచ్చాక ఆ బల్ల మెల్లగా అవసరం లేకుండా పోయింది.

"ఆ కాయితాలు సేపలు సుట్టడానికీ పనికిరావురా, సిరా అంటుకుంతాది" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ చదివి వినిపించాను. మళ్లీ వింది.

ఇప్పుడు బోర్డు సంగతి. అప్పటి మేనేజరు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు, మరీ చెడ్డవాడేమీ కాదు. పైనుంచి చెప్పారని, బయటికి వెళ్లే దారి పక్కన ఆకుపచ్చ గుడ్డ అంటించిన బోర్డొకటి కొట్టించాడు. పైన ఎర్ర అక్షరాలతో "వీళ్లు దొంగలు".

దాని మీదికి ఎక్కిన మొదటి మొహం మా వెనక వీధి పిల్లది. ఇంటర్ చదువుతోంది. పెదాలకి వేసుకునే రంగు చున్నీలో దాచింది. దాచలేదని నేను అబద్ధం చెప్పను. బిల్లింగు దగ్గర పట్టుకున్నారు, రంగు తిరిగి అరలోకి వెళ్లింది, పిల్ల ఏడుస్తూ ఇంటికెళ్లింది. అక్కడితో అయిపోవాలి కదా? తెల్లారేసరికి కెమెరాలోంచి తీసిన ఆ పిల్ల బొమ్మ బోర్డు మీద ఉంది. కాలేజీ బస్సెక్కాలంటే మా షాపు ముందునుంచే నడవాలి. ఆ పిల్ల కాలేజీ మానేసింది.

దీని మీద ఒక కరపత్రం రాస్తాను, వీధివీధీ పంచుతాను అన్నాను. "నువ్వు రాసీలోపు ఆ గుంటకి పెళ్లి సేసేత్తారురా" అంది గేటత్త.

మర్నాడు పొద్దున చూస్తే, బోర్డు మీద ఆ పిల్ల మొహం కనపడటం లేదు. సరిగ్గా ఆ మొహం మీద గేటత్త ఫొటో ఉంది. గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న వాటిలో మిగిలినది. నీలం చొక్కా, పెద్ద బొట్టు, ఎదుటి మనిషిని నిలేసే కళ్లు. నాలుగు పక్కలా టేపు.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? నీ ఫొటో ఎందుకు పెట్టావు?"

"గేటు కాడున్నది నాను బాబూ. ఆ పిల్ల తీత్తంటే సూడనిది నాను. నా సూపు పడుంటే అది తీసుండునా? తప్పు నాది, నా బొమ్మే ఉండనీండి."

"ఇది రూలమ్మా. తియ్యి."

"సరుకు ఎనక్కొచ్చీసింది కదా. ఇంకా ఆ గుంట మొకం మీకెందుకు?"

బిల్లింగు వరస ఆగిపోయింది. ఆమెతో ఒకప్పుడు చేపలమ్మిన ముసలావిడ ఒకరు వరసలోంచి తొంగిచూసి, "ఓలమ్మో! ఏటి వదినా, నీ బొమ్మెట్టీసారు! ఏటి కొట్టీసావే?" అని కేకేసింది.

"ఓ కునుకు తీసానే" అంది గేటత్త.

షాపంతా ఘొల్లుమంది. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. "ఉద్యోగం పోతుంది, ఆలోచించుకో" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె తగ్గించలేదు. "పీకీండి బాబూ. నా తట్ట ఇంకా అటక మీదే ఉంది."

ఆ రోజంతా వచ్చినవాళ్లు వచ్చినట్టే, "మీ గేటు మనిషే దొంగా?" అని అడిగారు. జవాబు చెప్పలేక సాయంత్రానికి బోర్డు దింపి గోడౌన్‌లో పడేశారు. ఆమె తన ఫొటో ఊడదీసుకుంది. టేపుతో పాటు భుజం దగ్గర రంగు లేచిపోయి తెల్లమచ్చ మిగిలింది. ఆ ఫొటోని బొడ్డు సంచిలో దోపుకుని, వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఉద్యోగం పోలేదు. ఆమె కూర్చున్న గేటులోంచి సరుకు పోవడం తగ్గిందని మేనేజరుకీ తెలుసు మరి.

కొన్నాళ్లకి ఆ పిల్ల తల్లి వెనక నక్కుతూ షాపుకొచ్చింది. గేటత్త అందరికీ వినపడేలా, "ఏటే, కాలేజీకెల్తన్నావా నేదా? జడేటి అలగేసావ్, పిట్టగూడులాగ?" అంది. ఆ పిల్ల నవ్వింది. ఆ వారంలోనే బస్సు కోసం మా ముందునుంచి నడిచి వెళ్లింది.

పెద్దకార్యం సముద్రం ఒడ్డున, ఇసకలో జరిగింది. ఇంట్లో ఆమెకి వేరే ఫొటో లేదు. ఆ ఫొటోనే పెద్దది చేయించి దండ వేశారు. భుజం మీది తెల్లమచ్చ కూడా పెద్దదయ్యింది. ఆకులో అన్నం, ఆమెకిష్టమైన నెత్తళ్ల వేపుడు పెట్టి, మేమంతా దూరంగా జరిగాం. ఒడ్డుకి లాగిన పడవ అంచు మీద కాకులు వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగదు. పిలిచారు, బతిమాలారు. ఏ కోరిక మిగిలిపోయిందోనని పెద్దవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు.

అప్పుడు, ఆ రోజు బిల్లింగు వరసలో కేకేసిన ముసలావిడే లేచింది. "ఒలే, ఆ బొమ్మ అటు తిప్పండే! అది అలగ సూత్తంటే కాకేటి వాల్తాది?"

ఏడుస్తున్నవాళ్లంతా నవ్వేశారు. కూతురు ఫొటోని సముద్రంవైపు తిప్పింది. కాకి దిగింది.

ఇప్పుడు మా షాపు గేటులో స్టూలు లేదు. ఆమె చోటులో ఇంకో కెమెరా పెట్టారు. కొత్తగా వచ్చిన మేనేజరు, గేటులో ఎలాగూ మనిషి లేదు కాబట్టి బోర్డు ఉండాల్సిందేనన్నాడు. నిన్న అదే దారి పక్కన, అదే మేకులకి తగిలించారు. మా సంచులు గుమ్మరించే బల్ల కూడా తుడిచి సిద్ధంగా పెట్టారు.

దొంగతనం ఆపాలా? ఆపుదాం, నేనూ వస్తాను. గేటులో మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టండి, పలకరించడం తెలిసిన మనిషిని. అంతేగానీ పిల్లల మొహాలు గోడకి కొట్టి, పనిచేసేవాళ్ల సంచులు బల్ల మీద దులిపి ఆపుతామంటే ఒప్పుకోం. ఉద్యోగం పీకుతారా, పీకండి. నాకు అటక మీద తట్ట లేదు. అయినా ఒప్పుకోను.

ఆమె కూతుర్ని అడిగి ఆ చిన్న ఫొటో తెచ్చుకున్నాను. ఈ పొద్దున షట్టరు ఎత్తగానే, ఖాళీ బోర్డుకి సరిగ్గా నడిమధ్యన అంటించాను. దొంగచాటుగా కాదు, అందరూ చూస్తుండగానే. బిల్లింగు అమ్మాయి ఒకామె టేపు ముక్కలు చింపి నా చేతికిచ్చింది.

కాసేపటికి మేనేజరు వచ్చాడు. చేతిలో అప్పుడే ప్రింటు తీసిన కాగితం. ఎవరి మొహమో మాకు కనపడలేదు. రెండో చేతిలో గుండుసూదులు. బోర్డు దాకా విసురుగా వచ్చి ఆగిపోయాడు. నీలం చొక్కాలో గేటత్త అతని కళ్లలోకే చూస్తోంది. ఎత్తబోయిన చెయ్యి సగంలోనే ఉండిపోయింది. వెనక మేమందరం నిలబడి ఉన్నాం. ఆ బొమ్మని అటు తిప్పడానికి మాలో ఎవరూ కదల్లేదు.