ముల్లు మీటరు మీద ఊపిరి

సబ్బుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్లు ఆరుగురున్నా ముల్లాయన ఒక్కడే. మిగతా అయిదుగురూ అంకెల మీటర్లకు మారిపోయి పదిహేనేళ్లయింది. ఈయన మాత్రం ఇటుకంత బరువున్న పాత ముల్లు మీటరు నల్ల డబ్బాను తోలుపట్టీతో భుజానికి తగిలించుకునే తిరిగేవాడు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. ఆయన స్థానంలోకి వస్తున్నది ఎవరో కాదు, చనిపోయిన తమ్ముడి కూతురే. పని అప్పగించడానికి ఆయనకు బెంగ లేదు. పనితోపాటు అప్పగించాల్సిన మాట ఒకటుంది. ఇరవై రెండేళ్లుగా అది గొంతులోనే ఇరుక్కుని ఉంది.

ఆ మాటేమిటో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి కథ నడిపే ఓపిక నాకు లేదు. తమ్ముడు ఇదే ఫ్యాక్టరీలో షాక్ కొట్టి పోయాడు. మీటరు పెట్టి చూసేదాకా ఆగకుండా తొందరపడి తీగ పట్టుకున్నాడని ఊరంతా నమ్మింది. అది అబద్ధం. ఆ అబద్ధం చెప్పింది ముల్లాయనే.

ఆ రోజుల్లో మీటరంటే ఆయనకు ప్రాణం. దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. సబ్బుపొడి అన్నిటి మీదా సన్నగా పేరుకునే చోటు కదా, జేబులో ఎప్పుడూ ఒక పొడిబట్ట ఉండేది. గంటకోసారి అద్దం తళతళలాడేదాకా తుడిచేవాడు. అద్దం అంటాం గానీ అది ప్లాస్టిక్కే. గాలిలో తేమ లేని చలికాలంలో ప్లాస్టిక్కును పొడిబట్టతో గట్టిగా రుద్దితే దానికొక లాగుడు వస్తుంది, రుద్దిన దువ్వెనకు కాగితం ముక్కలు లేచి అంటుకున్నట్టు. లోపలి ముల్లేమో వెంట్రుకంత తేలిక. ఆ లాగుడుకు సున్నా దగ్గరే బిగుసుకుపోతుంది. పిచ్చిగా ప్రేమించి తుడిస్తే వచ్చే జబ్బు అది.

తమ్ముడు పోయిన మధ్యాహ్నం, సబ్బు బిళ్లలు చేసే అచ్చుల మిషను ఆగిపోయింది. స్విచ్చి తీసేశారు. పక్క ప్యానెల్ నుంచి ఇంకో దారిలో ఆ తీగకు కరెంటు వస్తోందని ఎవరికీ తెలియదు. అన్న అలవాటుగా అద్దం తుడిచి, మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు.

"చచ్చిందా అన్నా?" అని తమ్ముడు అడిగాడు. కరెంటు లేని తీగను చచ్చిందనడం వాళ్ల వాడుక.

"చచ్చింది, పట్టుకో."

అంతే. తర్వాత మేనేజరు పరుగున వచ్చి, మీటరు పెట్టి చూశారా అని అడిగాడు. "లేదండీ, నేను చూసేలోపే వాడు తొందరపడ్డాడు" అని ఆయన నోట్లోంచి వచ్చేసింది. అనుకుని చెప్పింది కాదు. వెనక్కి తీసుకోనూ లేదు, అదే మాట రాసిన కాగితం మీద సంతకమూ పెట్టాడు. అందరూ వెళ్లిపోయాక మీటరు తీగలు గోడ సాకెట్లో గుచ్చి చూశాడు. నిండా కరెంటున్న సాకెట్లోనూ ముల్లు సున్నా మీదే పడుకుని ఉంది. దాని మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చాడు. వేడి ఊపిరి తగిలి అద్దం మసకబారింది. ఆ తేమకు లాగుడు వదిలి ముల్లు ఒక్కసారిగా లేచి నిలబడింది.

అప్పటినుంచి ఆ పొడిబట్ట లేదు. ప్రతి తీగకూ ముందు అద్దం మీద ఊపిరి వదులుతాడు, కరెంటున్న సాకెట్లో పెట్టి ముల్లు లేచిందో లేదో చూస్తాడు, తర్వాతే పని. "మీటరుకు ప్రాణం పోస్తున్నాడు మన డాక్టరుగారు" అని తోటివాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. చచ్చింది అనే మాట మాత్రం మళ్లీ అనలేదు. కరెంటు లేకపోతే "ఖాళీ" అనేవాడు. అదేదో మర్యాద అనుకున్నారు.

ఇంకో సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ల గదిలో మీటరును కొక్కానికి తగిలించి, తీగలు వేలాడేసి ఉంచినప్పుడు, మధ్యాహ్నం మిషన్లు ఆగిన వేళ, ముల్లు ఒక్కోసారి తనంతట తానే కొద్దిగా లేచేది. ఎవరో ఏదో చెప్పబోయి ఆగినట్టు మళ్లీ పడిపోయేది. కారణాలు ఆయనకు తెలియవా? గోడ అదిరి ఉంటుంది, చొక్కా చెయ్యి రాసుకుని ఉంటుంది. కారణం తెలిసినంత మాత్రాన భయం పోదు. ఆ వేళకు ఆయన గదిలోకి వెళ్లడం మానేశాడు. మీటరును పారేయడానికి మాత్రం చేతులు రాలేదు. జరిగింది చూసిన రెండో సాక్షి అదొక్కటే మరి.

మరదలు సంగతి చెప్పాలి. గోడమీది భర్త ఫోటోతో ఆమె రోజూ మాట్లాడుతుంది, తిట్టడానికే. "క్షణం ఆగి ఉంటే నీ సొమ్మేం పోయేది? నీ తొందరే మా కొంప ముంచింది" అంటుంది. కూతుర్ని మీ నాన్నలా తొందరపడకు అంటూనే పెంచింది. ఆ పిల్ల అన్నం గంటసేపు తింటుంది. తలుపు తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. ఆ నిదానం చూసినప్పుడల్లా ముల్లాయన తల తిప్పుకునేవాడు.

పని అప్పగింత మొదలైన సోమవారం ఆయనా ఆ అమ్మాయీ అచ్చుల మిషను దగ్గరే ఉన్నారు. పాత తీగ ఒకటి విప్పాలి. స్విచ్చి తీసేసి అమ్మాయి తన అంకెల మీటరు పెట్టింది. అరవై నాలుగు వోల్టులని చూపించింది.

"పెదనాన్నా, ఇందులో కరెంటుంది."

"ఉండదు తల్లీ. పక్కన ఉన్న తీగల నీడ పడుతోంది దీని మీద. మా వాళ్లు దెయ్యం వోల్టేజీ అంటారు. నీ మీటరు మరీ సుకుమారం, నీడ పడినా అంకె వేసేస్తుంది. నా ముల్లుకు కాస్తయినా బలం తగలాలి, ఉత్త నీడకు లేవదు."

ఊపిరి వదిలాడు, సాకెట్లో పరీక్షించాడు, తీగకు పెట్టాడు. ముల్లు సున్నా మీద ఉంది.

ముల్లు వెనక, అంకెల కింద ముఖం చూసుకునే అద్దంలాంటి సన్నటి పట్టీ ఉంటుంది. ముల్లు అందులోని తన నీడను సరిగ్గా కప్పినప్పుడే చూసిన లెక్క నిజం. ఆయన వంగి చూశాడు. తమ్ముడు ఎప్పుడూ భుజం మీదుగా తొంగి చూసేవాడు. ఇద్దరి కళ్లూ ఆ పట్టీలో పక్కపక్కన కనిపించేవి. ఇప్పుడూ తన కన్ను పక్కన ఇంకో కన్ను కనిపించింది. అదే కనుబొమ్మ, అదే రెప్ప.

"చచ్చినట్టేనా పెదనాన్నా?" అంటూ అమ్మాయి చెయ్యి చాపింది.

ఆయన ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టేసుకున్నాడు. వదల్లేదు.

"కరెంటు ఉండదన్నావుగా. ఏమైంది?"

"మీ నాన్న తొందరపడలేదమ్మా" అన్నాడు ముల్లాయన. "నేను మీటరు పెట్టి చూశాను. చచ్చింది పట్టుకో అన్నాను. ముల్లు బిగుసుకుపోయిందని అప్పుడు నాకు తెలీదు. తెలిశాక చెప్పలేదు."

అమ్మాయి ముల్లు వైపు ఓసారి, ఆయన వైపు ఓసారి చూసింది. ఆ పిల్లకు ఏదైనా నిదానమే.

"నాన్న అడిగాడా?"

"అడిగాడు."

"అడిగి, ఆగాడా?"

"ఆగాడు. నేను చెప్పేదాకా ఆగాడు."

ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది. తన మీటరు ఆపి పెట్టెలో పెట్టింది. "అమ్మకు నువ్వే చెప్పాలి. ఇవాళే చెప్పాలి. నేను చెప్పను" అంది. ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

సాయంత్రం డ్యూటీ దిగి తమ్ముడి ఇంటికి వెళ్లేసరికి మరదలు ముందుగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆయన మీటరు ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. తుడిచిన పొడిబట్ట దగ్గర్నుంచి సంతకం పెట్టిన కాగితం దాకా ఏదీ వదలకుండా చెప్పాడు. శాపనార్థాలకు సిద్ధపడే వచ్చాడు. వాకిట్లోకి వెళ్లగొట్టినా వెళ్లాల్సిందే అనుకున్నాడు. ఆమె చేతిలోని చొక్కా మడత పూర్తిచేసి, దొంతి మీద పెట్టి లేచింది.

"మీరు కూర్చోండి బావగారూ. మీ సంగతి తర్వాత చూస్తాను. ముందు నేను ఆయనతో మాట్లాడాలి."

లోపలి గదిలోకి, భర్త ఫోటో ముందుకు వెళ్లింది. తలుపు వేసుకోలేదు. రోజూ తిట్టే గొంతే, కానీ గుర్తుపట్టలేనంత చిన్నదయిపోయింది.

"ఇరవై రెండేళ్లు తిట్టాను కదయ్యా నిన్ను. పిల్ల ముందు కూడా తిట్టాను. ఒక్కసారైనా కాదని చెప్పకపోయావా?"

చెప్పాడు, ఈ ముల్లు లేపి ఎన్నోసార్లు చెప్పాడు, నాకే చెప్పాడు అనుకున్నాడు ముల్లాయన. ఒళ్లోని మీటరు వైపు చూడకుండా కూర్చున్నాడు. లేచి లోపలికి వెళ్లి, ఆ మాట కూడా ఆమెతో చెప్పడానికి ధైర్యం చాల్లేదు.