తిప్పేముందు చెప్పండి

మా సిలారు పగలంతా బూరుగుదూది కూరి పరుపులు కుట్టేవాడు. కొత్తపేటలో మా వీధి సాయిబుల్లో మగమనిషి ఎవరు పోయినా, సూది పరుపులోనే గుచ్చి వదిలేసి వెళ్ళి ఆ మనిషికి గుసుల్ చేయించేవాడు. గుసుల్ అంటే ఖబరస్తానుకి తీసుకెళ్ళే ముందు చేయించే చివరి స్నానం. వాళ్ళ నాన్న నేర్పిన పని. దానికి పైసా పుచ్చుకోకూడదన్నది కూడా ఆయన నేర్పిందే.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగు, నమాజులో అరబ్బీ. సిలారు మా ఆయన మీరాసాహెబుకి పినతండ్రి కొడుకు, నాకు మరిది. కనుబొమల మీద ఎప్పుడూ దూది అంటుకుని ఉండేది.

"ఏరా, నలభై రాకుండానే ముసలాడివైపోయేవా?" అంటే,

"ఇది దులిపితే పోయే ముసలితనం వదినగారూ. మీది అలా కాదు గదండీ!" అనేవాడు.

నా నోటికి ఎదురు నిలిచినవాడు ఆ వీధిలో అతనొక్కడే.

గుసుల్ చేయించేటప్పుడు అతనికో అలవాటుండేది. చచ్చిపోయిన మనిషిని పక్కకి తిప్పేముందు చెవి దగ్గర వంగి, "బాబాయ్, ఎడం పక్కకి తిప్పుతున్నానండీ" అని చెప్పేవాడు. నీళ్ళు పోసేముందు "గోరువెచ్చగానే ఉన్నాయండీ" అనేవాడు. పక్కనున్నవాళ్ళు "వింటాడేంట్రా?" అని నవ్వితే, "వినడని ఎవరు చూసొచ్చేరండీ?" అనేవాడు. మా ఆయన అది చూసినప్పట్నుంచీ "నేను పోతే నన్ను సిలారే కడగాలి" అంటూ ఉండేవారు.

సిలారు పెళ్ళి మేమే చేశాం. రావులపాలెం పిల్ల. నెల తిరక్కుండానే ఆ పిల్లని పుట్టింట దింపి, పెళ్ళిలో ఇస్తానన్న మహరు సొమ్ము చేతిలో పెట్టి, "మీ అమ్మాయిలో ఏ లోపం లేదండీ, లోపమంతా నాది" అని నలుగురిలో చెప్పి వచ్చాడు. ఆ పిల్లకి మళ్ళీ పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆ లోపం ఏమిటని ఇతన్ని ఎవరూ అడగలేదు.

తొంభై ఆరు తుఫానులో ముమ్మిడివరం అవతల సముద్రం మనుషుల్ని మింగి ఒడ్డుకి విసిరేసింది. ఏ మతంవాళ్ళో చూడకుండా ఆ శవాల్ని మొయ్యడానికి సిలారు వెళ్ళాడు. వచ్చేటప్పుడు వెంట ఒక మనిషిని తీసుకొచ్చాడు. పేరు సూరిబాబు. చేపల వేట అతని పని. ఇద్దరన్నదమ్ముల్నీ ఆ నీళ్ళకే ఇచ్చుకున్నాడు. వలలు అల్లిన చేతులు కాబట్టి పరుపులు కుట్టడం తొందరగానే పట్టుబడింది. మా ఇంటి ఎదురుగా సిలారు పరుపులు కుట్టే పాకలోనే ఇద్దరూ ఉండిపోయారు. సూరిబాబు వండేవాడు, సిలారు ఉప్పు చాల్లేదని వంక పెట్టేవాడు.

వీధిలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని నోటిదాకా రానివ్వకపోవడం మా వీధి మర్యాద. ఆ మర్యాద మీదే వాళ్ళిద్దరూ పన్నెండేళ్ళు పైగా బతికారు.

రెండువేల తొమ్మిదిలో ఢిల్లీ కోర్టు తీర్పు వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు ఇష్టపడి కలిసి బతికితే అది నేరం కాదని. టీవీలో ఒక మౌల్వీనీ, ఒక స్వామీజీనీ, ఒక పాస్టరునీ వరసగా కూర్చోబెట్టారు. ఎన్నడూ ఒక పంక్తిలో కూర్చోని ముగ్గురూ ఆ పూట ఒకే మాట మీదకి వచ్చేశారు. దేశం చెడిపోతుందని ఒకరు, ఇది మన ఇంటావంటా లేదని ఒకరు. ఎదురు మాట్లాడిన లాయరమ్మని మాట పూర్తిచెయ్యనిస్తేనా!

ఆ శుక్రవారం మా మసీదులో నమాజు చదివించే హజరత్ కూడా దాని మీదే బయాన్ చెప్పాడు. గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడు, చదువుకున్నవాడు, మంచివాడే. మగవాళ్ళనే కోరుకున్న లూత్ ప్రవక్త ఊరివాళ్ళ సంగతీ, ఆ ఊరి మీద రాళ్ళు కురవడమూ చెప్పాడు. మైకులో మా వంటిళ్ళ దాకా వినబడింది. మా దీను, మా మతం ప్రకారం అది పాపమే. కాదని నేననను. కానీ ఆ రోజు నమాజు నుంచి తిరిగొచ్చే జనం పరుపుల పాక దగ్గర నడక తగ్గించారు. అది మాత్రం నాకు బాగా గుర్తుంది.

"ఏం సిలారు బాబాయ్, కోర్టులో నీ కేసు గెలిచిందంటగా!" అన్నాడొకడు.

"నేనే కేసూ వెయ్యలేదు బాబూ. మీ అమ్మగారి పరుపు రేపు ఇస్తానని చెప్పు" అన్నాడు సిలారు, తలెత్తకుండా.

శ్రావణం వెళ్ళకముందే మా ఆయన పోయారు. కబురు పంపాల్సిన పని లేకుండానే సిలారు వచ్చాడు. రేగాకు వేసి నీళ్ళు కాచాడు, కర్పూరం నూరాడు. అంతలో మసీదు పెద్ద ఖాసిం గారు గుమ్మంలో అడ్డం నిలబడ్డారు.

"నువ్వొద్దు సిలారూ. మావాళ్ళిద్దరు చేస్తారు."

నేను హజరత్‌ని పిలిచి అందరి ముందూ అడిగాను. "ఇతను కడగకూడదని మీరు చెప్పేరా బాబూ?"

"లేదమ్మా. కార్యం పాపమన్నాను. ఒక మనిషి మీద ఆ నింద వెయ్యాలంటే కళ్ళతో చూసిన సాక్షులుండాలి. లేకపోతే వేసినవాడిదే పాపం."

"మీరు చెప్పింది వేరు హజరత్, జనం విన్నది వేరు" అన్నారు ఖాసిం గారు. సిలారు వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఒక్క మాట చెప్పరా. సూరిబాబుతో నీకేమీ లేదు, పనివాడు అంతేనని చెప్పు. నీ చేతులకి నేనే నీళ్ళు పోస్తాను."

అందరూ సిలారు వైపు చూశారు. పాక అరుగు మీద నిలబడ్డ సూరిబాబు కూడా చూశాడు. చెప్పెయ్యరా, అని మనసులో నేను కూడా అనుకున్నాను.

"అన్న పక్కన నిలబడి అబద్ధమాడి, అవే చేతుల్తో అన్నని కడగమంటారాండీ?" అన్నాడు సిలారు. చెంబు కింద పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "హజరత్ గారూ, మొగుణ్ణి పెళ్ళాం కడగొచ్చా?"

"కడగొచ్చమ్మా. మన షరియత్‌లో ఉంది."

"అయితే ఎవరూ రానక్కర్లేదు. మా పెద్దాడు భుజం పడతాడు, నేను కడుగుతాను. సిలారు గుమ్మం బయట నిలబడి చెప్తాడు. గుమ్మం బయట గాలి కూడా మసీదుదేనా ఖాసిం గారూ?"

ఆయన పక్కకి తప్పుకున్నారు.

దుప్పటి అడ్డం కట్టారు. దాని వెనక నుంచి సిలారు చెబుతుంటే నేను చేశాను. "చేతికి గుడ్డ చుట్టుకోండి వదినగారూ. బొడ్డు నుంచి మోకాళ్ళ దాకా కప్పిన బట్ట తియ్యకండి. ముందు వజూ, నమాజుకి కడుక్కున్నట్టే ముఖం, చేతులు, కాళ్ళు. ఆయ్, అలాగే. ఇప్పుడు కుడిపక్క కడగాలి కాబట్టి ఎడం పక్కకి తిప్పాలండీ." నేను చెయ్యి వేసేలోపే మళ్ళీ అన్నాడు. "తిప్పేముందు అన్నకి చెప్పండి."

చెప్పాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆయనతో అంత మెల్లగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఆ తరవాత వీధిలో ఇంకో ఇద్దరు మగవాళ్ళ జనాజాలు లేచాయి. పాక ముందు నుంచే వెళ్ళాయి. సిలారు సూది పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఎవరూ పిలవలేదు. నమాజు వరసలో అతని పక్కన చోటు ఖాళీగా మిగలడం మొదలైంది. ఓ రోజు పరుపుల గుడ్డ మూటకట్టి ఇద్దరూ ఏరు దాటి కపిలేశ్వరపురం వైపు వెళ్ళిపోయారు. ఉండమని నేను బతిమాలాను. "ఉంటే మీరొక్కరే మాట్లాడాలి వదినగారూ. ఎన్నాళ్ళని మాట్లాడతారండీ?" అన్నాడు.

ఏళ్ళ తరబడి పీల్చిన దూది ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. ఆ డిసెంబరులోనే సిలారు ఆయాసంతో పోయాడు. కబురు తెలిసి, మా పెద్దాణ్ణి వెంటబెట్టుకుని పంటు మీద ఏరు దాటి వెళ్ళేసరికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. సూరిబాబు ఒక్కడూ సగం కుట్టిన పరుపు పక్కన కూర్చుని ఉన్నాడు.

"బాగా కడిగేరా?" అని అడిగాను.

"శుద్ధంగా కడిగేరండీ. ఇక్కడివాళ్ళకి మా సంగతేం తెలీదు గదండీ. నేను గుమ్మం అవతలే నిలబడ్డాను. 'తిప్పేముందు ఆయనకి చెప్పండి బాబూ' అన్నాను. వాళ్ళు ఆగి, 'నువ్వేమవుతావు ఈయనకి?' అని అడిగేరండీ."

"ఏం చెప్పేవు?"

సూరిబాబు పరుపులో దిగిన సూదిని లాగబోయాడు, రాలేదు. వదిలేశాడు.

"పనివాణ్ణని చెప్పేనండీ" అన్నాడు. "నిజం చెబితే కడగడం ఆపేస్తారేమోనని."