పదిహేడు పళ్ళ చక్రం

ఆ రోజుల్లో నాకు బ్రేకులు ఎందుకుంటాయో తెలియదు. ఇదేదో వేదాంతం చెబుతున్నాననుకునేరు, నిజంగానే నా సైకిలుకు బ్రేకులు లేవు, ఉన్నవాటిని నేనే పీకించాను. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా మెయింటెనెన్సులో చేరిన కాలం అది. ఆదివారం తెల్లవారేసరికి పాండిచ్చేరి బీచ్ రోడ్డులో సైకిళ్ళ పిచ్చి ఉన్న కుర్రకారంతా చేరేవారు. వాళ్ళలో ఎవడో ఫ్రీవీలు లేని సైకిలు తొక్కడం చూసి నాకు మతి పోయింది. మామూలు సైకిలైతే తొక్కడం మానేసినా కాసేపు దానంతటదే పోతుంది కదా, దీనికి ఆ సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే, దానితో పాటు మన కాళ్ళూ తిరగాల్సిందే. ఆపాలంటే ముందుకు వంగి, కుడికాలు బిగబట్టి పెడలును నిలిపేస్తే వెనక చక్రం ఆగిపోయి రోడ్డుమీద జర్రుమని జారుతుంది. ఆ జర్రు కోసమే నేను పుట్టాననిపించింది. (నేను పుట్టింది ఎందుకో మా అమ్మకు వేరే అభిప్రాయాలుండేవి.)

కొత్త సైకిలు మాటెత్తితే ఇంట్లో తంతారని అటకమీది మామ సైకిలు దింపించాను. మామంటే మా మేనత్త భర్త. మిల్లులో పనిచేస్తూ, ఈ సైకిలు క్యారియరు మీదే అత్తను కూర్చోబెట్టుకుని సినిమాలకూ బీచికీ తిప్పిన మహానుభావుడు. వాళ్ళిద్దరూ పోట్లాడుకోగా మా సారం పేట వీధుల్లో ఎవరూ వినలేదట. ఆయన పోయాక అత్త మాతోనే ఉండేది. సైకిలు తీసుకోమంది గానీ ఒక్క షరతు పెట్టింది. "నంబరు మాత్రం నేనే చూస్తా." మా అత్తకు అంకెల పిచ్చి. బస్సు నంబరు కూడి చూసి ఎనిమిది వస్తే ఎక్కదు, అది శని అంకె అంటుంది. బట్టల కొట్టు, ఫోను నంబరు, డాక్టరిచ్చిన టోకెను, అన్నీ కూడవలసిందే. మా ఇంట్లో ఎవరేం తెచ్చినా బాగుందా లేదా అని కాదు, నంబరెంత అని అడిగేవారు. నేను పెరిగింది ఆ ఇంట్లోనని కాస్త గుర్తు పెట్టుకోండి.

ఇక ఈ సైకిలుకు చైను పట్టే పళ్ళ చక్రాల్లో ముందర ఎన్ని పళ్ళ చక్రం, వెనక ఎన్ని పళ్ళ చక్రం వేయాలన్నది పెద్ద సమస్య. ముందుది నలభై ఎనిమిది అని తేలింది, సారంలో సైకిల్ కడై అన్న, అంటే సైకిలు కొట్టాయన, దగ్గర ఉన్నది అదొక్కటే మరి. వెనకదాని సంగతి వెర్నియర్‌ను అడిగాను. వెర్నియర్ అంటే మా ఫ్యాక్టరీ క్వాలిటీ సెక్షన్లో అమ్మాయి. కొలతలు తీసే ఆ పనిముట్టు జేబులో లేకుండా కనిపించేది కాదు, అందుకని ఆ పేరు. ఆమె కూడా ఆదివారాలు సైకిలు తొక్కేది. వాళ్ళూ మాలాగే తరాలుగా పాండిలో ఉన్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తెలుగు అక్షరం మాత్రం ఇద్దరికీ రాదు. (ఇది రాయడానికి నేను నడివయసులో ఓనమాలు దిద్దుకున్నాను.) నాకు ఆమె అంటే చచ్చేంత ఇష్టం. పళ్ళ చక్రం గురించి అడగడం కూడా ఆ ఇష్టంలో భాగమే.

"ఎనక పదిహేడు ఎయ్యి. పదహారు మాత్రం వద్దప్పా," అంది, క్యాంటీన్‌లో టీ గ్లాసు బల్లమీద తిప్పుతూ.

"ఏం, పదహారుకు ఏం వచ్చె?"

"నలభై ఎనిమిదిలో పదహారు సరిగ్గా మూడు తూర్లు పోతాది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా మూడు చుట్లు. నువ్వు ఎప్పుడు కుడికాలు బిగించినా టైర్లో అదే చోటు రోడ్డుకు తగల్తాది. ఆ ఒక్క చోటే అరిగి చస్తాది. పదిహేడైతే ప్రతిసారీ వేరే చోటు పడతాది."

అంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? ఆ సాయంత్రమే అత్తకు చెప్పాను. అత్త చేతిలో గరిటె కింద పడేసింది.

"పదిహేడా! ఒకటీ ఏడూ ఎనిమిది. మీ మామ బండికి శనిని కట్టుకోని యాడికి పోతావురా? పదహారు ఎయ్యి. ఒకటీ ఆరూ ఏడు. ముందరిది నాలుగూ ఎనిమిదీ పన్నెండు, అంటే మూడు. మూడూ ఏడూ పది, అంటే ఒకటి. సూర్యుడు! పట్టిందల్లా జయమే."

పదహారు వేయించాను. సూర్యుడు వెనక ఉన్నాడన్న ధీమాతో రోజూ డ్యూటీ దిగగానే బీచ్ రోడ్డు పక్క వీధుల్లో జర్రు, జర్రు అని సాధన చేశాను. కిందికి వంగి టైరు చూసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

అలా ఉండగా ఒకరోజు వెర్నియర్ నా మెషీను దగ్గరికి వచ్చి, "ఈ ఆదివారం కాలాపేట్ దాకా పోదాం రా. దారిలో నీతో మాట్లాడల్ల," అంది. ఆ ఆదివారం సాయంత్రమే చెన్నై నుంచి ఆమెకు పెళ్ళిచూపులకు వస్తున్నారని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకున్నాను. అద్దం ఒప్పుకుంది కూడా.

ఆదివారం మిగతావాళ్ళను ముందుకు పోనిచ్చి మేమిద్దరం వెనక తొక్కుతున్నాం. చెన్నై పోయే ఈసీఆర్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. ఆమె మర్యాదగా బ్రేకు నొక్కి ఆగింది. నేనెందుకు అలా ఆగుతాను? ఇన్నాళ్ళ సాధన ఏమైపోవాలి? ముందుకు వంగి, కుడికాలు బిగించి, జర్రుమని జారాను. ఢాం! టైరూ ట్యూబూ కలిసి పేలిపోయాయి. పక్కనున్న ఇడ్లీ బండి ఆవిడ "మురుగా!" అని కేక పెట్టింది. కుక్కలన్నీ లేచాయి. నేను ఫుట్‌పాత్ అంచున కూర్చున్న భంగిమలో తేలాను.

వెర్నియర్ సైకిలు స్టాండు వేసి వచ్చి టైరు చూసింది. చుట్టూ కొత్తదిలా ఉంది, ఒక్క చోట మాత్రం బట్టతల. వేలు పెట్టి వెనక చక్రం పళ్ళు లెక్కపెట్టింది.

"పదహారు. నేనేం చెప్తిని నీకు?"

"పదిహేడు శని అని మా అత్త..."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, నా పక్కనే కూలబడింది. ఆ నవ్వుకు నా పరువు పోయినా సంతోషంగానే ఉండింది. కాసేపటికి నవ్వు ఆగింది.

"చూడప్పా," అంది నేలకేసి చూస్తూ. "సాయంత్రం వాళ్ళు వస్తా ఉండారు. నీ మనసులో ఎవరన్నా ఉండారా తల్లీ అని మా నాయన అడిగినాడు. నేనేం చెప్పేది?"

అద్దం ముందు అప్పజెప్పుకున్నదంతా గొంతు దాకా వచ్చింది. నోరు తెరిచాను. తెరిస్తే నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: "నువ్వు పుట్టిన తేదీ ఎంత?"

ఆమె నావైపు తిరిగింది.

"పదిహేడు," అంది.

అప్పుడైనా ఏదో ఒకటి అనవలసింది. నేను కూడుతున్నాను. ఒకటీ ఏడూ, మళ్ళీ ఒకటీ ఏడూ, ఈసారైనా తొమ్మిది రాదా అన్నట్టు. పెదవులు కదిలాయి కాబోలు, ఆమె చూసింది.

"లెక్క అయ్యిందా?" అని లేచి, చీపురుతో ఊడ్చినట్టు ప్యాంటు దులుపుకుని సైకిలెక్కింది. "టైరు మార్చుకో." నాలుగు తొక్కులు తొక్కి, కాళ్ళు కదపకుండా, ఫ్రీవీలు టకటకమంటుండగా వెళ్ళిపోయింది. నేను మామ సైకిలును సారం దాకా నడిపించుకుంటూ వచ్చాను.

అత్తకు ఈ సంగతి చెప్పే ధైర్యం వచ్చేసరికి వెర్నియర్ నిశ్చితార్థం లడ్లు క్యాంటీన్‌లో పంచేశారు. నాకూ ఒకటి ఇచ్చింది, నవ్వుతూనే ఇచ్చింది. అత్త మొత్తం విని నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఓరి నీ మొగం మండ! నేను చెప్పింది ఇనప చక్రానికిరా, పిల్లకు చెప్పినానా? మీ మామ పుట్టింది ఇరవయ్యారో తేదీ. రెండూ ఆరూ ఎంత? చెప్పు, ఎంత?"

"ఎనిమిది," అన్నాను.

"ఆయనతో నేను ఎట్ల బతికినానో నువ్వు చూడలేదా? ఒక్క మాట నన్ను అడిగుంటే నేనే పట్టుచీర కట్టుకోని వాళ్ళింటికి పోయుందును గదరా," అని, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మామ పోయిన తరవాత ఆమె ఏడవగా నేను చూసింది అదే.

ఇప్పుడు ఆ సైకిలుకు వెనక పదిహేడు పళ్ళే. ముందర బ్రేకు కూడా ఉంది, మోకాళ్ళు అడిగాయి మరి. టైరు చుట్టూ సమంగా, బుద్ధిగా అరుగుతోంది. నాకూ పెళ్ళయింది. నా భార్య పుట్టినరోజు ఎప్పుడో పెళ్ళయ్యాకే తెలుసుకున్నాను, ఎవరు అడగమన్నా అడగలేదు. (మంచి మనిషి. ఇది చదివితే నవ్వుతుంది, తరవాత రెండు రోజులు నాతో మాట్లాడదు.) ఆదివారాలు ఈసీఆర్ సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే బ్రేకు నొక్కి ఆగుతాను. ఇడ్లీ బండి పక్కన ఆ ఫుట్‌పాత్ మీద ఒక వెర్రివెధవ ఇంకా కూర్చుని ఒకటీ ఏడూ కూడుకుంటున్నట్టే ఉంటుంది. "ఎన్నిసార్లు కూడినా ఎనిమిదేరా నాయనా, ముందు ఆ అమ్మాయికి జవాబు చెప్పు," అనాలనిపిస్తుంది. ఆ మాట వాడికి వినబడదని తెలిసి నాలో నేనే నవ్వుకుంటాను. ఈలోగా పచ్చలైటు పడి, వెనక వాళ్ళు హారన్లు కొడతారు.